రాగం తీసేంత వ్యవధి

 

పద్యనాటకాన్ని టెలివిజన్ సీరియల్‌గా ఎలా మలచాలి అన్న విషయం మీద మాట్లాడుకోవడానికి ఇంతకంటే తగిన చోటు లేదు. ఇంద్రకీలాద్రి పాదాల దగ్గర ఉన్నాం. అర్జునుడు తపస్సు చేసి కిరాతుడితో పోరాడిన కొండ ఇదేనని స్థలపురాణం. నన్నయ కంటే ముందే, పదో శతాబ్దంలో, యుద్ధమల్లుడి బెజవాడ శాసనం మధ్యాక్కరల్లో రాతికెక్కింది. భారతకథకూ తెలుగు పద్యానికీ ఇక్కడ అంత పాత చుట్టరికం ఉంది. 1921లో పోతిన శ్రీనివాసరావు గారు మారుతి సినిమా హాలు కట్టించిందీ ఈ ఊళ్ళోనే. 1948 డిసెంబరు 1న ఆకాశవాణి కేంద్రం మొదలైందీ ఇక్కడే. పద్యం ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి చేయి మారిన ప్రతిసారీ ఏదో ఒక రూపంలో బెజవాడ దానికి సాక్షిగా ఉంది.

నా అభిప్రాయం మొదటే చెబుతాను. పద్యనాటకాన్ని సీరియల్ చేసేవారు కథను కాపాడే బాధ్యత నెత్తిన వేసుకోనక్కర్లేదు. కథ అందరికీ తెలుసు. రాయబారం బెడిసికొడుతుందని తెలిసే కృష్ణా జిల్లా ఊళ్ళలో జనం చాపలు పరుచుకుని తెల్లవార్లూ కూర్చున్నారు. ఫలానా పద్యం దగ్గర ఫలానా నటుడు శ్వాస ఎక్కడ తీసుకుంటాడో, చివరి అక్షరం మీద నిలిచి రాగం ఎంత దూరం తీసుకుపోతాడో వినడానికి వచ్చారు. తెర మీదికి ముందుగా చేరవలసింది ఆ వ్యవధి. అది చేరితే మిగిలినవన్నీ వెంట వస్తాయి. అది పోతే, ఎంత ఖర్చు పెట్టి ఎన్ని గుర్రాలు పరుగెత్తించినా, మరో పౌరాణిక సీరియల్ తయారవుతుంది గాని పద్యనాటకం రాదు.

తిరుపతి వేంకట కవుల భారత నాటకాల్నే తీసుకోండి. పాండవ జననం, పాండవ ప్రవాసం, పాండవ రాజసూయం, పాండవోద్యోగం, పాండవ విజయం, పాండవాశ్వమేధం. ఆరు నాటకాలు, ఒకటే కథ. బందరు హైస్కూల్లో పాఠం చెప్పిన చెళ్ళపిళ్ళ వారూ, దివాకర్ల వారూ కలిసి మనకు ఇచ్చివెళ్ళింది వరసగా నడిచే కథే, దాన్ని ముక్కలు చేయడానికి ఇంకెవరూ కొత్తగా కష్టపడనక్కర్లేదు. రంగస్థలం ఆ ఆరింటిలో ఉద్యోగ విజయాలు రెంటినీ గుండెకు హత్తుకుంది, మిగతా నాలుగూ ఎక్కువగా పుస్తకాల్లోనే ఉండిపోయాయి. సీరియల్ వస్తే జననమూ ప్రవాసమూ రాజసూయమూ కూడా మళ్ళీ గొంతులకెక్కుతాయి. ఒక రాత్రిలో ఇమడని ఆరు నాటకాలు ఒక ఏడాదిలో హాయిగా ఇముడుతాయి.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. ప్రతి యంత్రమూ పద్యానికి ఒక కొలత పెట్టింది. మొదట గ్రామఫోను. పలకకు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలు. మన పొరుగునున్న మైలవరం బాలభారతీ నాటక సమాజం నటులు, కపిలవాయి రామనాథశాస్త్రి గారి లాంటి గాయకులు, ఆ మూడు నిమిషాల్లోకి తమ గొంతును ఒదిగించుకున్నారు. ఆ రికార్డులు విని నేర్చుకున్న తర్వాతి తరం ఆ కొలతే అసలు కొలత అనుకుంది. తర్వాత సినిమా. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద నాటకం నుంచే వచ్చింది, సురభి కమలాబాయి అందులో లీలావతి. ఆ రోజుల్లో నాటకాన్ని ఉన్నదున్నట్టు కెమెరా ముందు ఆడించారని తర్వాతి విమర్శకులు చిన్నచూపు చూశారు. 1960 నాటికి శ్రీకృష్ణ రాయబారం, 1967లో శ్రీకృష్ణావతారం వచ్చాయి. ఘంటసాల గారు పద్యానికి సినిమా బాణీ ఒకటి స్థిరపరిచారు. భావం స్పష్టంగా వినపడుతుంది, రాగం పద్యం అంచు దాకా వచ్చి వినయంగా ఆగిపోతుంది. ఆ బాణీకి నేను చేతులెత్తి మొక్కుతాను. అయితే అది మూడు గంటల సినిమాకు పుట్టిన బాణీ. పాటలూ యుద్ధాలూ హాస్యమూ అన్నీ పట్టాలి కనుక పద్యం తన వాటా తగ్గించుకుంది.

రేడియో ఇంకో దారి పట్టింది. ఆకాశవాణి విజయవాడలో బందా కనకలింగేశ్వరరావు గారు నాటక విభాగాన్ని నడిపిన కాలం తలచుకోండి. ఆయన స్వయంగా పేరుపడ్డ కృష్ణ పాత్రధారి. రాగాన్ని అదుపులో పెట్టి అర్థాన్ని ముందుకు తెచ్చిన నటుడు. కిరీటమూ తెరలూ లేకుండా ఒట్టి గొంతుతో దుర్యోధనుడి కొలువు కట్టవచ్చునని రేడియో రుజువు చేసింది. సీరియల్ తీయబోయేవారు సినిమా రీళ్ళ కంటే ముందు ఆకాశవాణి టేపులు వినాలి.

ఇప్పుడు టెలివిజన్. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది, ప్రైవేటు తెలుగు ఛానళ్ళు 1995లో వచ్చాయి. రామానంద్ సాగర్ రామాయణం 1987లోనూ, బి.ఆర్.చోప్రా మహాభారత్ 1988లోనూ దేశాన్ని ఆదివారం పొద్దున ఇళ్ళల్లో కూర్చోబెట్టాయి. చోప్రా 94 భాగాలు తీశారు. కాలాన్నే కథకుడిగా మాట్లాడించారు. మన సూత్రధారుడికి అది దగ్గరి బంధువే. కానీ అందులో పాత్రలు మాట్లాడతాయి, పాట పక్కనుంచి వినిపిస్తుంది. మన నాటకంలో పాత్రే పాడుతుంది, కోపం వచ్చినప్పుడు కూడా పాడుతుంది, చావబోతూ కూడా పాడుతుంది. ఈ తేడాను దాటవేసి ముందుకుపోలేం.

ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు, నాలుగు పాదాలకు 80. చదివితే అర నిమిషం. రంగం మీద మంచి నటుడు అందుకుంటే మూడు నాలుగు నిమిషాలు. నిర్మాతలకు భయం పుట్టేది ఇక్కడే. నాలుగు నిమిషాలు కథ కదలకపోతే ప్రేక్షకుడు ఛానల్ మార్చేస్తాడంటారు. నేను వాళ్ళ డైలీ సీరియల్నే సాక్ష్యంగా పిలుస్తాను. ఒక చెంపదెబ్బ, గదిలో ఉన్న ఎనిమిది మంది ముఖాలు, ఒక్కో ముఖం మీదికి మూడేసి సార్లు కెమెరా దూకడం, మధ్యలో ఉరుములు. కథ అక్కడా కదలదు. ఆగిన సమయాన్ని చూడటం మన ఇళ్ళల్లో అందరికీ ఎప్పుడో అలవాటైంది. ఆ సమయాన్ని మోహనకు, కల్యాణికి, కాంభోజికి ఇవ్వమని అడుగుతున్నాం. సినిమా దగ్గర లేనిదీ, సీరియల్ దగ్గర కావలసినంత ఉన్నదీ సమయమే.

అందుకే ఎపిసోడును కథ మలుపు మీద కట్టకండి, రంగం మీద కట్టండి. పడక సీనునే చూడండి. భారతంలో చిన్న ఘట్టం. కృష్ణుడు నిద్ర నటిస్తున్నాడు, తలవైపు దుర్యోధనుడు, పాదాల దగ్గర అర్జునుడు. రంగస్థలం దాన్ని గంటసేపు నిలబడే రంగంగా పెంచింది. అందులో యుద్ధం లేదు, రహస్యం లేదు. కళ్ళు తెరవడమొక్కటే ఉంది. ముగ్గురు నటులు ఒకరి పద్యానికి ఒకరు ఎదురు పద్యం అందుకుంటూ పోటీ పడతారు. దీన్ని మూడు భాగాలుగా తీయవచ్చు, ఒక్కో భాగానికి ఒక్కో గొంతు కేంద్రం.

ఇంకో మాట కూడా ధైర్యంగా అంటాను. మన కాంట్రాక్టు నాటకాల్లో పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి మరో కృష్ణుడు వచ్చేవారు. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు, అబ్బూరి వరప్రసాదరావు, ఎ.వి.సుబ్బారావు, ఈలపాట రఘురామయ్య, ఇలా కృష్ణుడికి మనకు ఎన్నో గొంతులున్నాయి. మొదటి కృష్ణుడు లోపలికి వెళ్ళి రెండో కృష్ణుడు వస్తే ప్రేక్షకులు తికమకపడలేదు, ఈలలు వేసి స్వాగతం చెప్పారు. సీరియల్లో కూడా కృష్ణుణ్ణి ముగ్గురు నలుగురికి పంచండి. పాత్రధారి ముఖమే పాత్ర అన్న నియమం కెమెరా తెచ్చింది. పద్యనాటకానికి ఆ నియమంతో పని లేదు.

శబ్దం విషయంలో మాత్రం రాజీ లేదు. స్టూడియోలో ఎవరో పాడినదానికి సెట్టు మీద మరెవరో పెదవులు కదిపితే పద్యం చచ్చిపోతుంది. నటుడు పాడుతున్నప్పుడు మెడ నరం బిగుస్తుంది, కన్ను ఒక లిప్త సేపు లోపలికి చూస్తుంది, స్థాయి అందబోయే ముందు భుజం కొంచెం లేస్తుంది. దగ్గర నుంచి చూసే కెమెరా రంగస్థలానికి ఇవ్వగలిగిన గొప్ప కానుక అదే. చివరి వరసలో కూర్చున్నవాడికి ఏనాడూ దక్కనిది ఇంట్లో కూర్చున్నవాడికి దక్కుతుంది. ప్లేబ్యాక్ పెట్టి దాన్ని చేజేతులా పోగొట్టుకోవద్దు. ఒక పద్యం, ఒకే షాటు, అక్కడే పట్టిన గొంతు. హార్మోనిస్టును కూడా దాచకండి. నటుడు ఎటు పోతాడో ముందే పసిగట్టి మెట్లు అందించేవాడు ఆయన. ఆయన చేతులు తెర మీద కనపడాలి, పేరు టైటిల్స్‌లో నటుల పక్కనే ఉండాలి.

పీటర్ బ్రూక్ మహాభారత నాటకాన్ని 1985లో అవిన్యోఁలో ఒక రాతి క్వారీలో తొమ్మిది గంటలు ఆడించాడు. 1989లో టెలివిజన్ కోసం దాన్ని స్టూడియోలో తిరిగి తీశాడు, నిడివి ఆరు గంటల లోపుకు దిగింది. గొప్ప కృషి, మన మల్లికా సారాభాయ్ అందులో ద్రౌపది. కానీ అక్కడ ప్రేక్షకులు లేరు. మన నాటకానికి ప్రేక్షకుడు వినేవాడు మాత్రమే కాదు, ఆటలో భాగస్వామి. వన్స్‌మోర్ అంటే పద్యం మళ్ళీ మొదలవుతుంది, రెండోసారి నటుడు వేరే సంగతి వేస్తాడు. కనుక కొన్ని రంగాలైనా జనం ముందే చిత్రించాలి. తుమ్మలపల్లి కళాక్షేత్రం ఉంది, దివిసీమలోనూ గుడివాడ పక్కనా ఇప్పటికీ ఉత్సవాలకు నాటకాలాడించే ఊళ్ళున్నాయి. వన్స్‌మోర్ వస్తే దాన్ని కోసేయకుండా రెండో పాటనూ చూపించండి.

పాఠం సంగతి. నాటకం అచ్చులో ఒకటి, ఆటలో ఇంకొకటి. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి 1912లో హరిశ్చంద్ర రాశారు. కాటి సీనులో జనం కన్నీళ్ళు పెట్టుకునే పద్యాలు మాత్రం జాషువా గారి శ్మశానవాటి ఖండికలోవి. కులం కారణంగా జాషువాను ఎన్నో గడపలు బయటే నిలబెట్టిన కాలంలో, నటులు ఆయన పద్యాన్ని తెచ్చి హరిశ్చంద్రుడి నోట పెట్టారు. రంగస్థలం చేసిన మంచి పనుల్లో దీనికి నేను పెద్దపీట వేస్తాను. సీరియల్ వస్తే కాటి సీను భాగానికి జాషువా పేరు బలిజేపల్లి పేరు పక్కన, అంతే పెద్ద అక్షరాల్లో పడాలి. చట్టమూ అదే అడుగుతుంది. రచయిత మరణించాక 60 ఏళ్ళ పాటు హక్కులుంటాయి. చెళ్ళపిళ్ళ వారు 1950లో, బలిజేపల్లి 1953లో వెళ్ళిపోయారు, వారి నాటకాలు అందరివీ అయ్యాయి. జాషువా 1971లో కన్నుమూశారు, 2031 చివరి దాకా ఆయన పద్యాలకు వారసుల అనుమతి కావాలి.

అచ్చుకూ ఆటకూ మధ్య పెరిగిన దూరం ఎప్పుడూ ఇంత అందంగా ఉండదు. కాళ్ళకూరి నారాయణరావు గారు సంస్కరణ కోరి చింతామణి రాశారు. సమాజాలు తరవాత్తరవాత సుబ్బిశెట్టి పాత్రకు బూతు తగిలించాయి. వైశ్యులు నొచ్చుకున్నారు, 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. నిషేధం పరిష్కారమని నేననుకోను. కానీ చింతామణిని తెరకు తెచ్చే రోజు వస్తే కాళ్ళకూరి వారి అచ్చు ప్రతి నుంచి మొదలుపెట్టాలని, చేర్పుల్ని ఏరి పక్కన పెట్టాలని గట్టిగా అంటాను. జాషువా చేర్పు నాటకాన్ని లోతు చేసింది, ఈ చేర్పులు దాన్ని చిన్నబుచ్చాయి. ఏది ఉంచాలో ఏది తీయాలో తేల్చే పని పరిశోధకులది. అందుకే ఈ సదస్సులో వారి పత్రాలు నిర్మాతల ప్రసంగాల కంటే ముందు పెట్టమని కోరాను.

ఈ కాలపు పిల్లలకు పద్యం అర్థం కాదని ఒక అభ్యంతరం వినపడుతూ ఉంటుంది. 1996లో ఈటీవీలో పాడుతా తీయగా మొదలైనప్పుడు పాటకు ముందూ వెనకా బాలసుబ్రహ్మణ్యం గారు సాహిత్యమూ రాగమూ వివరించారు. జనం లేచిపోలేదు, ఏళ్ళ తరబడి ఆ మాటల కోసమే కూర్చున్నారు. పద్యం నడుస్తుండగా దాని పాదాలు తెర అడుగున తెలుగు లిపిలో రావాలి. యతి దగ్గర విరుపు కంటికి తెలియాలి. సూత్రధారుడు రంగానికి ముందు నాలుగు మాటల్లో సందర్భం చెప్పాలి. అంతకు మించి అరటిపండు ఒలిచి పెట్టనక్కర్లేదు. బాలలు ఆ పద్యాన్ని అర్థానికి ముందే నోటికి పట్టుకుంటారు, మనమూ అలాగే పట్టుకున్నాం.

ఒక్క విషయమే నన్ను తొందరపెడుతోంది. నాలుగు నిమిషాలు రాగం తీసి, పాత్రను జారవిడవకుండా, తిరిగి పద్యం ఎత్తుగడకు వచ్చి చేరగల నటులు ఇప్పుడు ఎక్కువమంది పెద్ద వయసులో ఉన్నారు. నిర్మాత దొరికే దాకా వాళ్ళ గొంతులు ఆగవు. కనుక సీరియల్ కంటే ముందు మంచి మైకు, రెండు కెమెరాలు, ఒక హార్మోనియం పెట్టి ఆరు నాటకాల పద్యాలూ వాళ్ళ చేత పాడించి పట్టిపెట్టాలి. ప్రతి పద్యం కనీసం ఇద్దరి గొంతుల్లో ఉండాలి. రేపు పాత్ర కట్టే కుర్రవాడికి అదే పాఠశాల, దర్శకుడికి అదే నమూనా. ఈ సదస్సు చేసే తీర్మానాల్లో ఇది మొదటిది కావాలని అధ్యక్షస్థానం నుంచి ప్రతిపాదిస్తున్నాను. సాయంత్రం సమావేశంలో చర్చించి నిర్ణయించండి.

పత్రసమర్పకులకు ఒక మనవి. మీ వ్యాసంలో పద్యం వచ్చిన చోట చదువుకుంటూ దాటిపోవద్దు. ముందు వరుసలో నటులున్నారు, వారిచేత పాడించండి. ఎంతసేపు పట్టినా గంట కొట్టను. మొదటి పత్రం పడక సీను మీద. సమర్పకులను వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.