ఖర్జూరం తింటే రక్తం పడుతుందా?

ఈరోజు డ్రైఫ్రూట్స్, నట్స్ గురించి మాట్లాడుకుందాం. ముందు నా సంగతి చెప్తాను.

డిగ్రీ ఫైనలియర్‌లో ఉన్నప్పుడు ఒక్క అంతస్తు ఎక్కితే చాలు, ఆయాసం వచ్చేసేది. "ఒంట్లో రక్తం తగ్గిందే, ఖర్జూరం తిను" అంది అమ్మమ్మ. రోజుకు నాలుగు చొప్పున మూడు నెలలు తిన్నాను. టెస్ట్ మాత్రం చేయించుకోలేదు. ఒకరోజు బస్టాప్‌లో కళ్ళు తిరిగి పడిపోయాను. అప్పుడు చూపిస్తే హిమోగ్లోబిన్ 8.4! ఆడవాళ్ళకు కనీసం 12 ఉండాలి.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు, లెక్క చెప్పింది. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. నాలుగు ఖర్జూరాల్లో రెండు మిల్లీగ్రాములు కూడా రాదు. ఖర్జూరం మంచిదే, కానీ అది మందు కాదు. నాకు ఐరన్ మాత్రలు వాడాకే రక్తం పెరిగింది.

మరి దేంట్లో ఏముంది?

బాదం: గుప్పెడు, అంటే సుమారు 23 పలుకుల్లో 6 గ్రాముల ప్రొటీన్, 7 మిల్లీగ్రాముల విటమిన్ ఇ ఉంటాయి.

వాల్‌నట్: ఒమేగా-3 కొవ్వులు బాగా ఉంటాయి.

జీడిపప్పు: మెగ్నీషియం, రాగి దొరుకుతాయి.

కిస్మిస్, ఖర్జూరం: పీచు, పొటాషియం, వెంటనే శక్తి. అయితే బరువులో సగానికి పైగా చక్కెరే. షుగర్ ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడిగి తినండి.

పల్లీలు: బాదం కొనలేకపోతున్నామని బాధపడకండి. 100 గ్రాముల బాదంలో 21 గ్రాముల ప్రొటీన్ ఉంటే, పల్లీల్లో 25 గ్రాములు! చేదుగా, బూజు పట్టినట్టు ఉన్నవి మాత్రం పారేయండి.

ఐరన్ కావాలంటే మన నువ్వులు వీటన్నిటికంటే మెరుగు. నువ్వుండ తిని ఒక జామకాయ తినండి, అందులోని విటమిన్ సి వల్ల ఐరన్ బాగా ఒంటబడుతుంది. వెంటనే టీ తాగితే మాత్రం తగ్గిపోతుంది.

నట్స్ రోజుకు ఒక గుప్పెడు చాలు. అందులోనే 160 క్యాలరీల దాకా ఉంటాయి. ఉప్పు వేసి వేయించినవి వద్దు. ఎలర్జీ ఉన్నవాళ్ళు అసలు ముట్టుకోవద్దు.

చివరిగా ఒక్కమాట. ఆయాసం, నీరసం ఉంటే తినడం ఆపక్కర్లేదు, కానీ ముందు రక్తపరీక్ష చేయించుకోండి. నాలా మూడు నెలలు ఆగకండి. మీ ఇంట్లో ఎవరైనా ఇలాగే ఉంటే ఈ వీడియో వాళ్ళకి చూపించండి. మళ్ళీ కలుద్దాం!