తక్కిన పదునాఱు గంటలు

(గోలేటి పఠనాలయమున జరిగిన సభలో ఒక న్యాయవాది చేసిన ఉపన్యాసము)



నేను న్యాయవాదిని గనుక చట్టమును గూర్చి నాలుగు మాటలు చెప్పుదునని తలచి పఠనాలయమువారు నన్ను పిలిచియుందురు. చట్టమును గూర్చియు చెప్పెదను. కాని ముందుగా ఒక ఇంటి మాట చెప్పుటకు సెలవిండు.

మా నాయన బొగ్గు నింపు పని చేసినవాడు. తట్టయు చెమ్మసును పట్టి, టబ్బులు నింపి, ముప్పది యేండ్లు గడపెను. ఆయనకు రాత్రి బదిలీ వచ్చిన వారమున మా యింట పగలు మాట వినబడెడిది కాదు. మా యమ్మ గడపలో కూర్చుండి, వాకిట గోళీలాడు పిల్లలను చేసైగతోనే తరిమెడిది. రెండవ బదిలీ వారమున మేము బడినుండి వచ్చుసరికి ఆయన గనిలో నుండెడివాడు. ఆయన వచ్చుసరికి మేము నిద్రలో నుండెడివారము. మూడు వారములకు ఒక్క వారము మాత్రమే తండ్రితో కూర్చుండి రాత్రి అన్నము తినెడి భాగ్యము మాకుండెను. ఆయన మా తిండికిగాని చదువునకుగాని లోటు చేయలేదు. అయినను కొలువు దిగిన పిమ్మట ఒకనాడు నాతో, "నువ్వు ఏ యేడు ఏ తరగతి చదివినవో నాకు యాదికి లేదు బిడ్డా" అనెను. ఆ మాటయే నేటి నా ప్రసంగమునకు మూలము. ఈ లోటు ఏ జీతపు చీటిలోను వ్రాయబడదు.

కార్మికుని సుఖమనగా నేమి? హెచ్చు వేతనమే సుఖమని కొందఱందురు. వేతనము చిన్న విషయమని ఆకలి యెఱిగినవాడెవ్వడును చెప్పజాలడు. 1871 లో భూగర్భ పరిశోధకుడు విలియం కింగ్ ఇల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1889 లో అచ్చట త్రవ్వకము మొదలయ్యెను. 1920 లో సింగరేణి కాలరీస్ కంపెనీ నేటి పేరుతో నమోదయ్యెను. 1945 లో నిజాము ప్రభుత్వము అందలి హెచ్చు వాటాలను కొనెను. నేడు అది రాష్ట్రమునకు 51 పాళ్లు, కేంద్రమునకు 49 పాళ్లు గల ప్రజల సంస్థ. 2024 లో సంస్థ విస్తరణకు తీసిపెట్టినది పోగా మిగిలిన లాభములో 33 శాతము, అనగా 796 కోట్ల రూపాయలు, కార్మికులకు వాటాగా ప్రకటింపబడెను. తాతలు కలలోనైనను ఊహింపని సంగతి యిది. కార్మికులు పోరాడి గెలిచిన దానిని తక్కువచేసి మాటలాడుట కృతఘ్నత.

కాని వేతనమొక్కటే సుఖమైనచో, ఈ గోలేటి టౌన్‌షిప్పులోని ప్రతి యింటను సుఖము నిండియుండవలసినది. నిండియున్నదా? మీ యెదలను మీరే అడిగి చూచుకొనుడు.

ఇక చట్టము సంగతి. దినమునకు ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల విశ్రాంతి, ఎనిమిది గంటల స్వేచ్ఛ యను భావమును పందొమ్మిదవ శతాబ్ది ఆరంభ దశాబ్దములలోనే రాబర్టు ఓవెన్ ఇంగ్లండులో బోధించెను. 1919 లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొట్టమొదటి ఒడంబడికలో దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు అని నిర్ణయించెను. అదే ఒడంబడికలో బ్రిటిషు ఇండియాకు మాత్రము వారమునకు 60 గంటలని ప్రత్యేకముగ వ్రాయబడినది! దొర శరీరము 48 గంటలకే అలసిపోవును. మన శరీరము మఱి పండ్రెండు గంటలు ఓర్చుకొనవలెను! 1923 నాటి గనుల చట్టము భూమిపైని 60 గంటలు, భూగర్భమున 54 గంటలు అనెను. స్వతంత్రము వచ్చిన పిమ్మట, 1952 నాటి చట్టమున గాని ఆ 48 గంటల హద్దు మన గనికార్మికునకు లభింపలేదు. లోకమునకు అందిన న్యాయము మన గుమ్మము త్రొక్కుటకు ముప్పదిమూడేండ్లు పట్టినది.

మన రాజ్యాంగకర్తలు ఇంకొక మెట్టు పైకెక్కిరి. నలుబదిమూడవ అధికరణములో కార్మికునకు జీవింపదగిన వేతనము మాత్రమే చాలదనియు, విశ్రాంతిని సంపూర్ణముగ అనుభవించు స్థితియు, సాంఘిక సాంస్కృతిక జీవనమునకు అవకాశములును కలుగునట్లు రాజ్యము పాటుపడవలెననియు ఆదేశించిరి. విశ్రాంతి సోమరుల కోరిక కాదు. దేశము వ్రాసికొనిన ధర్మము. 1995 లో సుప్రీంకోర్టు, కార్మికుని ఆరోగ్యము అతని జీవించు హక్కులోని భాగమనియు, కొలువు దిగిన పిమ్మటకూడ ఆ హక్కు తొలగదనియు తీర్పు చెప్పెను.

ఇన్ని హక్కులున్నను వానిని మనము ఏమి చేయుచున్నాము? గని పరిభాషలో వారపు సెలవును "ప్లేడే" అందురు. ఆటదినమని దాని యర్థము. ఆటకని పేరుపెట్టిన దినమున హెచ్చు వేతనమునకు ఆశపడి మనము పనికి పోవుచున్నాము! "ఈ నెల ఎన్ని ప్లేడేలు పడినవి?" అని ఒకరినొకరు అడుగుకొనుట మీరెల్లరు ఎఱుగుదురు. ఆ ప్రశ్నకు నిజమైన అర్థమేమి? "ఈ నెల ఎన్ని విశ్రాంతి దినములు అమ్ముకొంటివి?" అని. 1890 లో బొంబాయి మిల్లు కార్మికులు నారాయణ మేఘాజీ లోఖండే నాయకత్వమున ఏండ్ల తరబడి ఆందోళన చేసి ఆదివారపు సెలవును సంపాదించిరి. పూర్వులు పోరాడి తెచ్చిన దానిని మనము చిల్లరకు మార్చుకొనుచున్నాము. 1952 నాటి చట్టము వారపు సెలవున పని చేయించినచో, ఆ నెలలోగాని తరువాతి రెండు నెలలలోగాని బదులు సెలవు నీయవలెనని చెప్పెను. డబ్బిచ్చినంతమాత్రమున దేహపు ఋణము తీరదని ఆ చట్టము వ్రాసినవారు ఎఱుగుదురు.

"వకీలు గారికేమి, అప్పులు మావి గదా" అని మీలో ఒకరు లోలోపల అనుకొనుచుందురు. ఆ యాక్షేపణ న్యాయమైనదే. కుమారుని హైదరాబాదు కళాశాలలో చేర్చుటకు అప్పు. కుమార్తె పెండ్లికి అప్పు. తల్లి శస్త్రచికిత్సకు అప్పు. అప్పుపడినవానికి విశ్రాంతిని బోధించుట ఆకలిగొన్నవానికి ఉపవాస మహిమను బోధించుట వంటిదని నేనెఱుగుదును. అయినను ఒక్క లెక్క చూడుడు. కుమారుని చదువుకొఱకు సెలవులన్నియు అమ్మిన తండ్రి, ఆ కుమారునితో మాటలాడుటకు దినము మిగుల్చుకొనలేకపోయినచో, ఆ చదువు ఎవ్వరికొఱకు? వరకట్నమును, పెండ్లి ఆడంబరమును, పేరుకొఱకు కట్టు ఫీజులను మనమే పెంచుకొంటిమి గదా? ఆ భారమును తగ్గించుకొనుటకు ఏ యాజమాన్యము అనుమతియు అక్కఱలేదు. నేనును ఈ తప్పునకు దూరుడను కాను. ఆదివారము కాగితములు ముందు వేసికొని కూర్చుండి, మా అమ్మాయి పిలిచిన "ఆగు తల్లీ" అనువాడనే. అందువలననే ఈ మాట చెప్పుటకు నాకు ధైర్యము చాలుచున్నది.

శరీరధర్మమునకు బేరములు తెలియవు. పగలు మేల్కొనుట, రాత్రి నిద్రించుట దేహములోని గడియారపు కట్టడి. ఆ గడియారము నడక నెఱిగించిన శాస్త్రజ్ఞులకు 2017 లో నోబెల్ బహుమానము లభించెను. రాత్రి బదిలీ పని కాన్సరును కలిగింపగలదని శంకింపదగిన వానిలో ఒకటిగా అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 2007 లో పేర్కొని, 2019 లో మరల పరిశీలించి అదియే స్థిరపరచెను. వారమునకు 55 గంటలు, అంతకు మించి పనిచేయుటవలన కలుగు గుండెజబ్బులచేతను పక్షవాతముచేతను 2016 లో ప్రపంచమున 7,45,000 మంది మరణించిరని ప్రపంచారోగ్య సంస్థయు కార్మిక సంస్థయు కలిసి 2021 లో లెక్క ప్రకటించెను. భూగర్భ గనిలో కప్పును చూచు కన్ను, కైర్‌గూడ వంటి ఉపరితల గనిలో తెల్లవారుజామున డంపరు త్రోలు చేయి, నిద్రలేనివి అయినచో ప్రమాదము ఒక్కనితో ఆగదు. "దేశమునకు బొగ్గు కావలెను" అందురు. కావలెను; సందేహము లేదు. కాని బొగ్గు త్రవ్వు మనిషియు దేశములోనివాడే గదా?

ఇంకొక సంగతి. ఒకే గనిలో ఒకే ధూళి పీల్చు ఇరువురిలో ఒకడు పర్మనెంటువాడు, ఇంకొకడు కాంట్రాక్టువాడు. 2022 సెప్టెంబరులో కాంట్రాక్టు కార్మికులు సమ్మె చేసిరి. 2024 లో లాభపు ప్రకటనతోపాటు తొలిసారి వారికి మనిషికి 5,000 రూపాయలు చెప్పబడెను. లేనిదానికంటె మేలే. కాని పర్మనెంటు కార్మికుని సుఖము తోడివాని అలసటపై నిలిచియున్నచో అది సుఖము కాదు. 2011 నాటి సకలజనుల సమ్మెలో నేను కార్యకర్తగా తిరిగినప్పుడు, శిబిరములలో ఈ భేదము నా కంట పడలేదు. ఆనాడు లేని గోడ నేడేల?

సోదరులారా! పెద్ద కోరికలు పెద్ద సభలలో కోరుదము. ఈ చిన్న సభనుండి నాలుగు చిన్న కోరికలు. బదిలీల క్రమము ముందుగా తెలియవలెను; చివరి గడియలో మారరాదు. సెలవున పని చేసినవానికి బదులు సెలవు కాగితముమీద గాక నిజముగ దొరకవలెను. రాత్రి బదిలీవాడు నిద్రించు వేళ మన వీథులలో మైకులు మ్రోగరాదు. ఇది మన చేతిలోని పని.

నాలుగవ కోరిక ఈ పఠనాలయమువారినే అడుగుచున్నాను. ఈ తలుపు సాయంకాలము అయిదు గంటలకు తెరచి ఎనిమిదింటికి మూయుచున్నారు. మూడింటికి గని దిగి పదునొకండింటికి పైకి వచ్చువానికి ఆ వారమంతయు ఇది మూసిన తలుపే. అతని తీరిక ఉదయము. ఉదయము పదింటినుండి పండ్రెండింటివరకు తాళము తీయువారెవ్వరైన కలరా? కొలువు దిగిన పెద్దలు మీలో పలువురున్నారు. తాళపుచెవి ఒకరు పుచ్చుకొనుడు. వారమునకొక దినము నా వంతు. ఆసిఫాబాదునుండి వచ్చి నేను కూర్చుండెదను.

మా నాయనకు నా తరగతులు యాదికి లేవు. మీ పిల్లల తరగతులు మీకు యాదియుండవలెను. నా ప్రార్థన ఇంతియే.