బొమ్మల కొలువులో పాత సినిమా



మన ఊళ్ళలో ఒకప్పుడు ఆదివారం పొద్దున మార్నింగ్ షోలకి పాత సినిమాలు వేస్తూండేవారు, గుర్తుందా? తెర నిండా వాన కురుస్తున్నట్టు గీతలు. మంచి పాట మధ్యలో టప్పున తెగిపోయేది. నాయిక కన్నీళ్ళు పెట్టుకుంటూంటే వెనక కుర్రాళ్ళు పకపకా నవ్వేవారు. మనకేమో కొంగుతో కళ్ళొత్తుకోవాలని ఉండేది, వాళ్ళ నవ్వులకి సిగ్గేసి ఊరుకునేవాళ్ళం. అలాటి పాత సినిమాని తీసుకెళ్ళి మ్యూజియంలో పెట్టారంటే, రాతి విగ్రహాలూ, రాజుల కత్తులూ ఉండే చోట దానికేం పని అనుకుంటాం. న్యూయార్కులో మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ అని ఉంది. అక్కడ గోడల మీద పికాసో చిత్రాలు ఉంటే, కింది హాల్లో పాత సినిమాలు ఆడుతూంటాయి. ఈనాడు ఆ సంగతే మీతో ముచ్చటిద్దామనుకుంటున్నాను.

1929లో ఆ మ్యూజియానికి పూనుకున్నది ముగ్గురు స్త్రీలండీ: ఆబీ రాక్‌ఫెల్లర్, లిల్లీ బ్లిస్, మేరీ సలివాన్. అందులో సినిమాకి చోటు సంపాదించింది కూడా ఒక స్త్రీయే. ఆవిడ పేరు ఐరిస్ బ్యారీ. ఇంగ్లండులో పుట్టి, లండను పత్రికల్లో సినిమా సమీక్షలు రాసి, 1930లో అమెరికా వెళ్ళింది. 1932లో ఈ మ్యూజియంలో పుస్తకాల లైబ్రరీ చూసుకునే పనిలో చేరింది. 1935లో అక్కడే ఫిల్మ్ లైబ్రరీ అని పెట్టి ఆవిడని క్యూరేటరుగా వేశారు. అంటే ఏరి, కూర్చి, కాపాడే బాధ్యతన్న మాట.

కాపాడడం అంత తేలికేం కాదు. ఆ రోజుల్లో సినిమా కాస్త ఆడి వెళ్ళిపోయాక ఆ రీళ్ళ మొహం చూసేవాళ్ళు లేరు. టాకీలు వచ్చాక మూకీలకి మరీ దిక్కు లేకపోయింది. ఫిల్ములో కొంచెం వెండి ఉంటుంది. మనం చిరిగిన జరీ చీర ఇచ్చి వెండి తీయించుకుంటామే, అలాగే రీళ్ళు ఇచ్చి వెండి తీయించుకునేవారు. పైగా అది నైట్రేటు ఫిల్ము, నిప్పంటుకుంటే ఆర్పడం గగనం. అమెరికాలో దాదాపు 11,000 మూకీ కథాచిత్రాలు తీస్తే, మొదట విడుదలైన రూపంలో పూర్తిగా మిగిలినవి నూటికి 14 మాత్రమేనని 2013లో అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారు లెక్క తేల్చారు.

ఐరిస్ ఊరుకోలేదు. 1935లోనే హాలీవుడ్ వెళ్ళింది. మేరీ పిక్‌ఫర్డ్ ఇంట్లో సినిమా పెద్దలందరినీ కూర్చోబెట్టి, వాళ్ళ పాత చిత్రాలే వాళ్ళకి వేసి చూపించారు. ఇవి మాకిస్తే దాచిపెడతాం అని అడగడానికే ఆ విందు. మరుసటి ఏడు బెర్లిన్, మాస్కో దాకా వెళ్ళి ఇతర దేశాల చిత్రాలు కూడా సంపాదించుకొచ్చింది.

దాచడం ఒక ఎత్తు, పదిమందినీ కూర్చోబెట్టి చూపించడం ఇంకో ఎత్తు. అక్కడి జనమూ మన కుర్రాళ్ళలాగే నవ్వేవారట! ఐరిస్ తన సీటు పక్కన ఆపరేటరుకి ఒక టెలిఫోను పెట్టించుకుంది. గోల మితిమీరితే ఫోను తీసేది. అల్లరి మానకపోతే ప్రదర్శన నిలిపేస్తామని తెర మీద ఒక స్లైడు పడేది. మన మార్నింగ్ షోలకి అలాటి ఆవిడ ఒక్కరుంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది నాకు. నిజానికి ఆ నవ్వుల్లో సగం తప్పు మిషనుది. మూకీల్లో చాలావాటిని సెకనుకి 16, 18 బొమ్మల చొప్పున తీసేవారు. టాకీ మిషను 24 బొమ్మలు తిప్పుతుంది. దాంతో మనుషులు కాళ్ళకి చక్రాలు కట్టినట్టు పరుగెడతారు. సరైన వేగంతో తిప్పితే అదే మనిషి నెమ్మదిగా నడిచి వచ్చి మన గుండె పట్టుకుంటాడు.

అదే మ్యూజియంలో 2009 నుంచి 2014 దాకా చార్లెస్ సిల్వర్ అనే క్యూరేటరు, సినిమా పుట్టిన నాటినుంచీ వరస పెట్టి వారం వారం పాత చిత్రాలు వేయించాడు. వేళ మధ్యాహ్నం ఒకటిన్నర, అంటే వంటిల్లు సర్దుకుని కాస్త నడుం వాల్చే సమయం! మనం తాతమ్మల నాటి కొండపల్లి బొమ్మల్ని అటక మీంచి దించి, దుమ్ము తుడిచి, సంక్రాంతికి మెట్ల మీద పెడతాం. వీళ్ళది వారం వారం కొలువు. ఎప్పుడూ దించని బొమ్మకి చెదలు పట్టినా మనకి తెలియదు కదూ.

ఈ మ్యూజియంతో మనకీ చుట్టరికం ఉంది. 1955లో అక్కడ భారతదేశపు నేత బట్టలూ, నగలూ ప్రదర్శనకి పెట్టారు. ఆ వస్తువులకోసం అంతకుముందు ఏడు కలకత్తా వచ్చిన మన్రో వీలర్ అనే మ్యూజియం అధికారి, సత్యజిత్ రాయ్ అనే కొత్త దర్శకుడి దగ్గర కొన్ని ఫొటోలు చూశాడు. అప్పటికి ఆ సినిమా పూర్తి కాలేదు. భార్య నగలు సైతం కుదువబెట్టి తీస్తున్న సినిమా అది! పూర్తయితే మా దగ్గర వెయ్యండన్నాడు వీలర్. అలా "పథేర్ పాంచాలి" మొట్టమొదట జనం ముందుకొచ్చింది కలకత్తాలో కాదు, 1955 మే నెలలో న్యూయార్కులో, మన చీరెలూ నగల సందడిలో. కింద ఇంగ్లీషు అక్షరాలు వేసే వ్యవధి కూడా లేక, ఉత్త బెంగాలీలోనే వేశారు.

కథ అక్కడితో అయిపోలేదు. 1993లో లండనులో ఒక లాబొరేటరీలో మంటలు లేచి ఆ చిత్రం అసలు నెగెటివు కాలిపోయింది. మాడి, అట్టలు కట్టిన ముక్కల్ని పారెయ్యకుండా అమెరికాలో ఆస్కార్ బహుమతులిచ్చే అకాడమీ వారు దాచారు. ఇటలీలో బొలోన్యా పనివాళ్ళు ఆ ముక్కల్ని మెత్తబరిచి, అతుకులు చేత్తో ఊడదీసి, పనికొచ్చినంత మేర బాగుచేశారు. మిగతాది వేరేచోట్ల ఉన్న నకళ్ళనుంచి తీసుకున్నారు. అలా బాగుపడిన దుర్గ, అపు 2015 మే నెలలో మళ్ళీ అదే మ్యూజియం తెర మీదే రైలు చూడ్డానికి పరుగెత్తారు. సరిగ్గా 60 ఏళ్ళకి!

మరి మన తెలుగు సంగతేమిటంటారా? మన మొదటి టాకీ "భక్త ప్రహ్లాద" 1932లో వచ్చింది. హెచ్.ఎం. రెడ్డిగారు దర్శకులు. సురభి నాటకాలనుంచి వచ్చిన కమలాబాయిగారు లీలావతి వేషం కట్టారు. పూణేలో ప్రభుత్వం ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టింది 1964లో. అప్పటికి 32 ఏళ్ళు గడిచిపోయాయి. ఈనాడు ఆ సినిమా కాపీ ఒక్కటీ దొరకడం లేదు. కమలాబాయిగారి ఫొటోలున్నాయి, ఆవిడ గురించి పుస్తకాల్లో ఉంది. కానీ తెలుగు తెర మీద తొలిసారి ఆ తల్లి ప్రహ్లాదుణ్ణి ఏమని పిలిచిందో, ఆ గొంతు ఎలా ఉందో విందామంటే లేదు.