ఊరు దాటకుండా పరదేశపు చదువు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మాధ్యమంలో చదివి, ఉర్దూ మాధ్యమంలోనే పాఠాలు చెప్పుకుంటున్న వాళ్లం. తెలుగులో ఉపన్యాసమంటే కొంత తడబాటు తప్పదు. అయినా మన పిల్లలకు ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, ఫోనులో ఇంగ్లీషు అయిపోయింది. సంచికలో అందరూ చదువుకునేట్టు తెలుగులోనే మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. మాటలో తప్పులుంటే మన్నించి విషయం పట్టుకోండి.

పరదేశపు విశ్వవిద్యాలయాలు ఇతర దేశాల విద్యార్థులకోసం ఆన్‌లైన్‌లో నడిపే చిన్న చిన్న కోర్సులను గూర్చి మేము ఈ రోజు చెప్పదలచుకున్నాము. ఈ అంశం ఎందుకు ఎంచుకున్నామో ముందు మనవి చేస్తాం.

రెండేళ్ల కింద మా పాత విద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. అతని తండ్రి శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ పని చేసిన మనిషి. 1937లో మొదలై, ఒకప్పుడు ఊరంతటికీ అన్నం పెట్టిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో లాకౌటు అయిన సంగతి మీకు చెప్పనక్కరలేదు. పిల్లగాడు డిగ్రీ పాసయ్యాడు. పట్టణంలో ఒక ఏజెంటు "నీకు లండన్ యూనివర్సిటీలో సీటు వచ్చింది, మొదలు ఆన్‌లైన్ కోర్సు చెయ్యాలె, ఆ తర్వాత వీసా" అని చెప్పి ఎనభై వేలు తీసుకున్నాడు. తల్లి గాజులు కుదువపెట్టింది. ఆరు వారాలు పిల్లగాడు నిద్ర కాచి చదివాడు. సర్టిఫికెట్టు వచ్చింది. వీసా రాలేదు. ఏజెంటు ఫోను ఎత్తలేదు.

ఆ సర్టిఫికెట్టు మా చేతిలో పెట్టి "సార్, ఇది దొంగదా?" అని అడిగాడు. మేము ఇంటర్నెట్టులో వెదికి చూశాము. సర్టిఫికెట్టు అసలైనదే! విశ్వవిద్యాలయమూ అసలైనదే. కాని ఆ కోర్సు పాఠాలు ఎవరైనా పైసా ఇవ్వకుండా వినవచ్చు. సర్టిఫికెట్టుకు మాత్రం కొద్ది వేలు అవుతుంది. దానికీ వీసాకూ సంబంధం లేదు. అబద్ధమంతా ఏజెంటు మాటలో ఉన్నది. ఆ రోజు మాకు రెండు విధాల బాధ కలిగింది. ఒకటి, డబ్బు పోయినందుకు. రెండు, పాతికేళ్లుగా పాఠాలు చెబుతున్న మాకు కూడా ఈ సంగతులు తెలియనందుకు. తెలిసివుంటే వాడు ఏజెంటు దగ్గరికి పోకముందే మా దగ్గరికి వచ్చేవాడు.

సోదరులారా, ఇంటి దగ్గర కూర్చుని దూరపు విశ్వవిద్యాలయంలో చదవడం కొత్త సంగతేమీ కాదు. లండన్ విశ్వవిద్యాలయం 1858లోనే బయటివారు కూడా తన పరీక్షలు రాయవచ్చునని తలుపు తెరిచింది. మన దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాదులోనే వచ్చింది. దానినే ఇప్పుడు అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అంటున్నాం. 1998లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడి దూరవిద్యతోనే పని మొదలుపెట్టింది. ఆ తొలి ఏళ్ల విద్యార్థులలో మేమూ ఒకరం. పోస్టులో పుస్తకాల కట్ట వస్తే, పోస్టుమాన్‌కు చాయ్ తాగించి పంపేది మా అమ్మీ. ఆ కట్టే లేకపోతే ఈ రోజు ఈ మైకు ముందర మేము లేము.

ఇక ఆన్‌లైన్ సంగతి. 2011లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కృత్రిమ మేధ మీద ఒక కోర్సును ఉచితంగా పెడితే, 190 దేశాలకు పైగా, 1,60,000 మంది దాకా పేరు రాయించుకున్నారు. మరుసటి ఏడు 2012లో అదే విశ్వవిద్యాలయపు ఆచార్యులిద్దరు కోర్సెరా అనే సంస్థను, హార్వర్డ్, ఎంఐటి విశ్వవిద్యాలయాలు కలిసి ఎడెక్స్ అనే సంస్థను మొదలుపెట్టారు. మన దేశంలో ఐఐటీల ఎన్‌పీటీఈఎల్ అంతకుముందే 2003లో మొదలయింది. 2017లో కేంద్రప్రభుత్వం 'స్వయం' తెచ్చింది. మన దేశమూ ఇతర దేశాలకు ఇట్లా చదువు పంపుతున్నది. 2019లో ఆఫ్రికా దేశాల విద్యార్థులకోసం 15,000 ఉచిత స్కాలర్‌షిప్పులతో ఈ-విద్యాభారతి అనే పథకం మన విదేశాంగ శాఖ మొదలుపెట్టింది.

ఈ చిన్న కోర్సు ఎట్లా నడుస్తుందో చెబుతాము. సాధారణంగా నాలుగు వారాల నుంచి ఎనిమిది వారాలు. వారానికి రెండు మొదలు అయిదు గంటల పని. పాఠాలు పది నిమిషాల చిన్న చిన్న వీడియోలుగా ఉంటాయి. ఒక్కొక్క పాఠం తర్వాత ప్రశ్నలు. కొన్నింటిలో మనం రాసిన జవాబును సాటి విద్యార్థులే దిద్దుతారు, వాళ్లది మనం దిద్దాలి. చాలా కోర్సుల్లో కొంతమేరకైనా ఉచితంగా విని నేర్చుకోవచ్చు, సర్టిఫికెట్టు కావాలంటే రుసుము. స్తోమత లేనివాళ్లు ఫీజు సహాయానికి దరఖాస్తు పెట్టుకునే ఏర్పాటు కొన్నిటికి ఉన్నది. నేరుగా ప్రొఫెసరే తరగతి తీసుకునే కోర్సులు వేరు. వాటికి ఫీజు ఎక్కువ, వేళ కూడా వాళ్లదే. లండన్‌లో సాయంత్రం ఆరు అంటే మనకు చలికాలంలో రాత్రి పదకొండున్నర.

ఆ పిల్లగాడు వెళ్లిన తర్వాత మేమే ఒక కోర్సులో చేరాము. లెక్కలు ఎట్లా బోధించాలె అనే ఆరు వారాల కోర్సు. మొదటి వారం బ్రహ్మాండమైన ఉత్సాహం. రెండో వారం బడిలో జవాబు పత్రాలు దిద్దేది వచ్చింది. మూడో వారం బోధన్‌లో చుట్టాల పెళ్లి. నాలుగో వారం తెరిచి చూస్తే ఆ దొరగారు ఏం చెబుతున్నారో అర్థం కాలేదు. మానేశాము. పిల్లలకు 'హోంవర్కు ఏది?' అని బెత్తం చూపే మేమే ఎగ్గొట్టాము!

మా ఒక్కరి సంగతే కాదని తర్వాత తెలిసింది. 2019లో సైన్స్ అనే పత్రికలో ఇద్దరు పరిశోధకులు హార్వర్డ్, ఎంఐటి కోర్సుల లెక్క తీసి చూపించారు. 2017-18లో చేరినవాళ్లలో నూటికి ముగ్గురే పూర్తిచేశారు. అయితే రుసుము కట్టి సర్టిఫికెట్టు కోసం చేరినవాళ్లలో నూటికి 46 మంది పూర్తిచేశారు. చదవాలన్న పట్టుదల ఉన్నవాళ్లే డబ్బు కడతారన్నది ఎంత నిజమో, చేతినుంచి కొంత పెట్టినవాడు మధ్యలో విడిచిపెట్టడానికి వెనకాడతాడన్నదీ అంతే నిజమని మా అనుభవం.

రెండోసారి మేము ఒంటరిగా చేరలేదు. మా బడిలోని ఇంకొక మాస్టారును వెంట తీసుకున్నాము. వారానికి రెండు సాయంత్రాలు ఒకే బల్ల దగ్గర కూర్చున్నాము. వీడియో వేగం తగ్గించి, కింద అక్షరాలు పెట్టుకుని విన్నాము. తెలియని మాటలకు ఒక పక్క ఉర్దూ, ఒక పక్క తెలుగు అర్థాలు నోటుబుక్కులో రాసుకున్నాము. నాలుగో వారం మా జవాబును బ్రెజిల్ దేశపు టీచరమ్మ ఒకామె దిద్దింది. మా ఇంగ్లీషు తప్పులను వదిలిపెట్టి, 'మీ తరగతిలో ఇంతమంది పిల్లలా! ఎట్లా సంబాళిస్తారు?' అని రాసింది. ఆ మాట చదివి మేమిద్దరం చాలాసేపు నవ్వుకున్నాము. కోర్సు పూర్తి అయింది.

ఇప్పుడు తల్లిదండ్రులకు మనవి. ఎవరైనా పరదేశపు ఆన్‌లైన్ కోర్సు అంటూ మీ ఇంటికి వస్తే మూడు ప్రశ్నలు అడగండి.

మొదటిది: ఇది డిగ్రీయా, సర్టిఫికెట్టా? ఆరు వారాల కోర్సుకు డిగ్రీ రాదు. ఇంట్లో కూర్చుని చేసే కోర్సుకు విద్యార్థి వీసా ఇవ్వరు. పరదేశం వెళ్లి పీజీ చదవదలచినవాళ్లకు దారి వేరు. మైనారిటీ విద్యార్థులకు మన రాష్ట్రప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన ఓవర్సీస్ స్కాలర్‌షిప్ వంటివి ఆ దారిలో ఉన్నవి. దాని షరతులు జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి, ఏజెంటును అడగకండి.

రెండోది: ఈ కోర్సు ఎక్కడ చెల్లుతుంది? కొన్ని నిజంగా చెల్లుతవి. ఎంఐటిలో పేదరికం, అభివృద్ధి అనే విషయం మీద ఒక కోర్సుల వరుస ఉన్నది. 2019లో నోబెల్ బహుమతి పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో గార్లు అందులో పాఠాలు చెప్పారు. ఫీజు విద్యార్థి ఆదాయాన్నిబట్టి తగ్గుతుంది. కాపలా ఉండే పరీక్షలు పాసయితే అక్కడి మాస్టర్స్ చదువుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ మాస్టర్స్ మొదటి తరగతి 2020లో మొదలయింది. ఇక మన ఎన్‌పీటీఈఎల్ ఉన్నది. కోర్సు ఉచితం, పరీక్షకు రుసుము. ఇంటిపనికి నూటికి 25, పరీక్షకేంద్రంలో కూర్చుని రాసే పరీక్షకు 75 మార్కులు. 2021 నాటి యుజిసి నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులో నూటికి 40 వంతుల దాకా కోర్సులు స్వయం ద్వారా చదివి క్రెడిట్లు కలుపుకోవచ్చు. మీ కళాశాల ఒప్పుకుంటుందా అని చేరకముందే అడగాలి.

మూడోది: పేరు ఏమని రాయించావు? ఇది నవ్వులాట కాదు. మన పిల్లల టెన్త్ మెమోలో 'ఎండీ' అని, ఆధార్‌లో 'మొహమ్మద్' అని, పాస్‌పోర్టులో 'మహమ్మద్' అని ఉంటుంది. కోర్సులో నాలుగో రకం రాస్తారు. సర్టిఫికెట్టు మీద పేరు పాస్‌పోర్టు మీది పేరుతో అక్షరం అక్షరం కలవాలి. గల్ఫ్‌లో పనికి పోయిన మనవాళ్లను అడగండి, ఒక్క అక్షరం తేడాకు ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగారో చెబుతారు.

ఇక అసలు కష్టం ఇంగ్లీషు. మన హైదరాబాదులో 1917లో దారుల్ తర్జుమా ఏర్పడింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది. ప్రపంచపు శాస్త్రాలను ఉర్దూలోకి తర్జుమా చేయించి, వైద్యం, ఇంజనీరింగు కూడా ఉర్దూలో చెప్పారు. మన తాతల కాలంలో పుస్తకాన్ని విద్యార్థి భాషలోకి తెచ్చే పని రాజ్యం నెత్తిన వేసుకున్నది. ఇప్పుడు పాఠం ఫోనులోకి తనంతట తానే వస్తున్నది, కాని దాని భాష మనది కాదు. ఆ నడుమ వంతెన ఎవరు కట్టాలె? మనమే కట్టుకోవాలె.

మా బడిలో చదివి ఇంటర్‌కు వెళ్లిన ఒక అమ్మాయి ఉన్నది. తల్లి బీడీలు చుడుతుంది. అమ్మాయి పగలు తల్లికి ఆకు కత్తిరించి ఇచ్చి, రాత్రి అన్నగారి ఫోను తీసుకుని ఇంగ్లీషు కోర్సు ఒకటి వినేది. మూడో వారంలో అన్నగారికి రాత్రి డ్యూటీ పడింది. ఫోను పోయింది, కోర్సు ఆగింది. మా దగ్గరికి వచ్చి 'సార్, నాకు తెలివి లేక ఆగలేదు, ఫోను లేక ఆగింది, అది రాసుకోండి' అన్నది. అందుకే ఈ రోజు నలుగురి ముందర ఆ మాట చెబుతున్నాము.

పెద్దలారా, మా ప్రార్థన చిన్నది. సంఘం కార్యాలయంలో వెనుక గది ఖాళీగా ఉన్నది. అందులో నాలుగు పాత కంప్యూటర్లు, ఒక నెట్ కనెక్షన్, ఒక పెద్ద బల్ల పెట్టండి. వారంలో నాలుగు సాయంత్రాలు తెరవండి, రెండు ఆడపిల్లలకు, రెండు మగపిల్లలకు. ఎవరూ ఒంటరిగా చేరకూడదు, ముగ్గురు నలుగురు కలిసి ఒకే కోర్సు తీసుకోవాలి. పరీక్ష రుసుములో సగం సంఘం, సగం విద్యార్థి పెట్టాలి. ఉచితమైతే విలువ తెలియదు, మొత్తం భారమైతే చేరలేరు. మా స్నేహితులు ఇద్దరు, మేము, వంతులవారీగా కూర్చుంటామని మాట ఇస్తున్నాము. డబ్బు ఎక్కడిదంటారా? ప్రతి ఏడూ ఈ వేదికమీద షీల్డులకు, దండలకు, శాలువాలకు అయ్యే ఖర్చు కార్యదర్శిగారి పద్దు పుస్తకంలో ఉన్నది. మొదటి కోతగా ఇంకాసేపట్లో మాకు కప్పబోయే శాలువాను దుకాణానికి వాపసు పంపించండి!

ఈ కోర్సులతో అందరికీ ఉద్యోగాలు వస్తాయని మేము చెప్పము. అట్లా చెప్పేవాడు ఏజెంటు. ఒక చిన్న కోర్సు పూర్తిచేసిన పిల్లకు, పిల్లవాడికి 'ఆ పెద్ద విశ్వవిద్యాలయపు పాఠం నాకు కూడా అర్థమవుతుంది' అన్న ధైర్యం వస్తుంది. ఏ చదువు తనకు నప్పుతుందో, అప్పుచేసి సముద్రం దాటకముందే తెలిసిపోతుంది. ఎనభై వేలు పోగొట్టుకున్న ఆ పిల్లగాడు ఇప్పుడు ఊళ్లోనే ఒక దుకాణంలో లెక్కలు రాస్తున్నాడు. ఈ మధ్య కనిపించి 'సార్, గది తెరిస్తే చెప్పండి, అకౌంట్స్ కోర్సు నేను చేరుతా, ఈసారి ఏజెంటు లేకుండా' అన్నాడు.

వానికి మేము ఇంకా జవాబు చెప్పలేదు. ఆ జవాబు మీరు చెప్పాలె.