స్వయంకృషికి రెండు సోపానాలు



తెలుగు మాధ్యమంలో పదవ తరగతి ముగించి కళాశాలలో కామర్స్ చేరిన విద్యార్థికి మొదటి వారంలోనే ఒక చిక్కు ఎదురవుతుంది. లెక్క వచ్చు, లెక్క చెప్పే భాష రాదు. తనకు తెలివి లేదని భ్రమించి అతడు చదువు మానుకొన్ననాడు నష్టం ఒక్క కుటుంబానిదే కాదు. తెలుగు బడిలో చేర్చడమే పొరపాటన్న అపవాదు బడికీ అంటుతుంది. స్వయంకృషి ఒక్కటే దానికి సమాధానం.

మొదటి సోపానం సులభమైన ఆంగ్ల కథల పుస్తకం. ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్, వంగదేశపు బాలలకు ఆంగ్లం మాట్లాడుటకంటె చదువుట ముందు అవసరమని భావించి, పరిమిత పదాలతో వాచకాలు కూర్చారు. 1953లో ఆయన ప్రకటించిన పదపట్టికలో సుమారు 2,000 మాటలే ఉన్నవి. పుటకు అయిదారు తెలియని మాటలు తగిలితే ఆ పుస్తకాన్ని పక్కనపెట్టి, అంతకంటె తేలికైనది తీసుకొనవలెను. చిన్నపిల్లల కథలు చదువుటలో సిగ్గుపడవలసినదేమీ లేదు.

రెండవది రికార్డు చేసిన అకౌంటింగ్ పాఠం. అర్థం కానిచోట ఆపి, మరల వినవచ్చును. జర్నల్ అంటే మన పెద్దల చిట్టా, లెడ్జర్ అంటే ఆవర్జా అని తెలిసిన క్షణాన సగం భయం తీరుతుంది. అయితే వినుట వేరు, నేర్చుట వేరు. బ్యాంకులో 500 రూపాయలు వేసిన వర్తకుడు తన పుస్తకంలో బ్యాంకు ఖాతాకు డెబిట్ వ్రాస్తాడు; పాస్‌బుక్కులో అదే సొమ్ము క్రెడిట్‌గా కనిపిస్తుంది. వర్తకునికి అది రావలసిన సొమ్ము, బ్యాంకుకు ఈయవలసిన బాకీ. ఈ మర్మం పదిసార్లు విన్నా బోధపడకపోవచ్చు. పాఠాన్ని ఆపి, రెండు పుస్తకాల పద్దులూ స్వయంగా వ్రాసి చూస్తే ఒక్కసారికే తెలుస్తుంది.

పాఠం ఏ సంవత్సరానిదో కూడ గమనించవలెను. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చిన తరువాత అంతకు ముందటి పన్ను పాఠాలు చాలవరకు పాతబడినవి. జంటపద్దు సూత్రం మాత్రం మారలేదు.

యంత్రం పాఠం చెప్పగలదు గాని విద్యార్థి ముఖంలోని సందేహాన్ని చదవలేదు. అందుకే తల్లిదండ్రులు రోజుకొక గంట నిశ్శబ్దాన్ని ఇంట సమకూర్చవలెను. ఉపాధ్యాయులు తగిన పుస్తకాన్ని ఎంచి చేతికీయవలెను. లెక్కల వృత్తిలో స్థిరపడిన పూర్వ విద్యార్థులు నెలకొక్క ఆదివారం వచ్చి ఈ పిల్లల ప్రక్కన కూర్చొనవలెను. ఈ మూడు చేతులూ కలిసిననాడు, తెలుగులో మొదలైన చదువు ఏ భాషలోనైనా ముందుకు సాగగలదు.