లైసెన్సు గుమాస్తా బల్ల - బడి రిజిస్టరు

(పాఠశాల ప్లాటినం జూబ్లీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి శుభసందర్భాలలో మన బడి తీర్చిదిద్దిన డాక్టర్లను, ఇంజనీర్లను స్మరించుకోవడం ఆనవాయితీ. నేను మాత్రం మన పిల్లలందరికీ ఏదో ఒకనాడు ఎదురయ్యే ఒక చిన్న ఉద్యోగిని గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాను. ఆయన రవాణా కార్యాలయంలోని లైసెన్సు గుమాస్తా.

లైసెన్సు మంజూరు చేసే అధికారం ఆయనది కాదు. బండి నడిపించి పరీక్షించేవారు మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు. గుమాస్తా పని సరిపోల్చడం. దరఖాస్తులోని పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఆధారపత్రాలతో ఏకీభవిస్తున్నవో లేవో చూడటం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం గేరు మోటారు సైకిలుకు 18 ఏళ్లు, లారీ, బస్సు వంటి రవాణా వాహనాలకు 20 ఏళ్లు నిండాలి. లెర్నర్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది. అది పొందిన 30 రోజులకు గాని అసలు పరీక్షకు వెళ్లరాదు. నేడు దరఖాస్తులు ‘సారథి’ అనే కంప్యూటరు వ్యవస్థ ద్వారా వెళుతున్నా, మూలపత్రంలోని తప్పును కంప్యూటరు దిద్దలేదు.

చేయి తడపనిదే ఆ కార్యాలయాలలో కాగితం కదలదన్న అపవాదు ఉన్నది. అది పూర్తిగా అసత్యమని నేననను. అయితే రెండు పత్రాల మధ్య తేడా ఉన్నచోటే దళారి ప్రవేశిస్తాడు. తేడా లేని కాగితం పట్టుకున్నవాడు ధైర్యంగా నిలబడి అడగగలడు.

మన బళ్లారిలో ఈ తేడాలకు ప్రత్యేక కారణమొకటి కలదు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రానికి చెందగా, బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరినది. మనం ఇంటిపేరు ముందు వ్రాసుకుంటాము. ఇక్కడ చాలామంది పేరు ముందు తండ్రి పేరులోని అక్షరమో, ఊరి పేరులోని అక్షరమో ఉంచుతారు. తెలుగు రిజిస్టరులోని పేరు కన్నడంలోకి, ఇంగ్లీషులోకి మారేటప్పుడు ఒకే బిడ్డ ముగ్గురు వ్యక్తులౌతున్నాడు. లారీ నడిపి పొట్టపోసుకోదలచిన యువకునికి ఇది అక్షరదోషం కాదు, అన్నానికి అడ్డు.

పుట్టిన తేదీ సంగతి మరీ ముఖ్యం. బడిలో చేర్చే తొందరలో వయసు పెంచి చెప్పే తల్లిదండ్రులు నేటికీ ఉన్నారు. ఆ బిడ్డ పదహారేళ్లకే కాగితం మీద పద్దెనిమిదేళ్లవాడై, బండి తాళం చేతబట్టుకుంటాడు. గుమాస్తా ‘వయసు చాలదు’ అని దరఖాస్తు త్రిప్పి పంపితే కోపగించుకోకండి. ఆయన చెప్పిన ‘లేదు’ ఒక ప్రాణాన్ని నిలుపవచ్చును. 2019 సవరణ ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే, తమకు తెలియదని గాని, ఆపజూచామని గాని రుజువు చేయలేని సంరక్షకునికి లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా విధించవచ్చును. వాహనం రిజిస్ట్రేషను ఏడాది రద్దవుతుంది. ఆ పిల్లవానికి 25 ఏళ్లు నిండేవరకు లైసెన్సు దొరకదు.

2023 అక్టోబరు 1న గాని ఆ తరువాత గాని పుట్టిన పిల్లలకు బడిలో చేరికకు, డ్రైవింగు లైసెన్సుకు కూడా జనన ధృవీకరణ పత్రమే తేదీకి ఆధారం. కనుక బిడ్డ పుట్టిన 21 రోజులలో నమోదు చేయించండి. పేరు నిశ్చయించిన వెంటనే ఆ పత్రంలో చేర్పించండి. ఆ అక్షరాలనే బడిలోనూ వ్రాయించండి.

ఉపాధ్యాయ మిత్రులకు నా విజ్ఞప్తి: ప్రవేశ రిజిస్టరులో వ్రాసిన పంక్తిని తల్లిదండ్రులకు బిగ్గరగా చదివి వినిపించి, ఆ పిమ్మట సంతకం తీసుకోండి. మనం నేడు వ్రాసిన పంక్తిని పదేళ్లకో, పదిహేనేళ్లకో ఒక గుమాస్తా తన బల్ల మీద పెట్టుకుని చదువుతాడు. ఆనాడు మన బిడ్డ తలవంచుకోకుండా నిలబడాలి.