రాతి శాసనాల్లో మన మగ్గం
(వార్షికోత్సవ సభలో చేనేత సహకార సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగం)



నన్ను సంఘం లెక్కల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. లెక్కలు రిపోర్టులో అచ్చు వేసినారు, ఇంటికి పోయి చూసుకోండి. నేను వేరే సంగతి చెప్తాను. నేను ఎనిమిదో తరగతి వరకే చదివినవాణ్ణి, మాటల్లో తప్పు దొర్లితే మన్నించాలి.

పోయిన వానాకాలం డిగ్రీ చదివే మా మనవరాలు అడిగింది, "తాతా, విజయనగరం రాజుల కాలంలో మన వాళ్లు ఇక్కడే ఉన్నారా?" అని. ఉన్నారు, రాయలవారికే బట్ట నేసి ఇచ్చినామని మా తాత చెప్పేవాడమ్మా అన్నాను. "ఆధారం ఏమిటి?" అంది. నాకు నోరు పెగల్లేదు. ఈ మాట మీ అందరి ఇళ్లల్లోనూ ఉంది కదా. ఆధారం ఎవరమైనా ఎప్పుడైనా వెతికినామా?

ఆ పిల్లే సెల్ ఫోనులో వెతకడం మొదలుపెట్టింది. పాతకాలంలో గుడి గోడల మీద, బండల మీద, రాగిరేకుల మీద చెక్కించిన శాసనాలను ఇంగ్లీషోళ్ల కాలం నుంచి నకలు తీసి పుస్తకాలుగా అచ్చు వేసినారు. ఆ పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్టులో ఉన్నాయి. ఆర్కైవ్ అనే చోట ఉచితంగానే దొరుకుతాయి, చదవచ్చు, దించుకోవచ్చు. ఒక మాట కొట్టి వెతికితే ఆ మాట ఏ పేజీలో ఉందో చూపిస్తుంది కూడా. లైబ్రరీ మెట్లెక్కి ఎవరినీ బతిమాలే పని లేదు.

మొదటి దెబ్బ అక్కడే తిన్నాం. మనం కర్ణాటకలో ఉన్నాం కదా అని ఎపిగ్రాఫియా కర్ణాటికా పట్టుకున్నాం. రైస్ దొర 1886 నుంచి అచ్చు వేయించిన పన్నెండు సంపుటాలు. రెండు వారాలు వెతికినా మన బళ్లారి, కంప్లి, కురుగోడు ఒక్కటీ కనపడలేదు. తరవాత నాకే తట్టింది. రైస్ దొర పనిచేసింది మైసూరు సంస్థానానికి. మన బళ్లారి ఆ కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీ. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయి మనం ఇటు వచ్చినాం. మన ఊళ్ల శాసనాలు సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ అనే వరసలో తొమ్మిదో సంపుటంలో ఉన్నాయి. మొదటి భాగం 1939లో, రెండో భాగం 1941లో వచ్చినాయి. రెండో భాగం పూర్తిగా విజయనగర కాలానిదే. పక్కనే ఉన్న మొళకాల్మూరు మాత్రం రైస్ దొర పుస్తకంలోనే, చిత్రదుర్గం సంపుటంలో దొరుకుతుంది. తెలుగులో చెక్కినవి పదో సంపుటంలో, పదహారో సంపుటంలో వెతకాలి. ఒక రోజు నడక దూరంలో ఉన్న ఊళ్లకు ఇన్ని పుస్తకాలు! సరిహద్దు మనుషులకు ఎప్పుడూ ఉండే తిప్పలే ఇవి. రేషన్ కార్డుకు తిరిగినట్టే శాసనానికీ తిరగాలి. హంపిలోని కన్నడ విశ్వవిద్యాలయం వాళ్లు కూడా బళ్లారి జిల్లా శాసనాలను ఒక సంపుటంగా వేసినారు, అది మనకు మరీ సులువు.

రెండో దెబ్బ ఇంకా నవ్వొస్తుంది. మనవరాలు ఇంగ్లీషు అక్షరాల్లో "సాలె" అని కొట్టింది. వచ్చిందంతా పొలం అమ్మకాలే! ఇంగ్లీషులో అవే అక్షరాలకు అమ్మకం అని అర్థం కదా. కన్నడంలో చూస్తే సాలె అంటే చావడి, బడి. దానశాల, ధర్మశాల అన్నీ వరసబెట్టి వస్తున్నాయి. దేవాంగ అని కొడితే మనిషి కాకుండా పట్టుబట్ట రావచ్చు, ఎందుకంటే దేవాంగమంటే ఒక మేలు రకం బట్ట అని పాత అర్థం ఉంది. సెట్టి అని ఉన్నవాడల్లా మనవాడు కాడు, వ్యాపారస్తుడూ సెట్టే. చివరికి మాకు పనికొచ్చిన మాటలు రెండు. ఇంగ్లీషు సారాంశంలో మగ్గానికి వాడే "లూమ్", కన్నడ పాఠంలో "మగ్గ". పాత అచ్చు కన్నడాన్ని కంప్యూటరు సరిగ్గా చదవలేదు, కాబట్టి పైన ఇచ్చిన ఇంగ్లీషు సారాంశం పట్టుకుని పిల్ల పేజీ తీస్తే, కింద కన్నడ పాఠం నేను కళ్లద్దాలు పెట్టుకుని చదివేది. ఆ పిల్ల లేకుంటే నాకు పేజీ దొరకదు, నేను లేకుంటే ఆ పిల్లకు మాట దొరకదు.

సంవత్సరం లెక్క కూడా చెప్తాను, పిల్లలు రాసుకోండి. శాసనంలో శక వర్షం ఉంటుంది, దానికి 78 కలపాలి. శక 1467, విశ్వావసు అని ఉంటే 1545వ సంవత్సరం, సదాశివరాయల కాలం. 2025 ఉగాదికి మనకు వచ్చింది కూడా విశ్వావసే. అరవై ఏళ్ల చక్రం ఎనిమిది సార్లు తిరిగింది, అంతే.

సరే, ఏం దొరికింది? మగ్గదెరె. అంటే మగ్గం పన్ను. ఆ కాలంలో మగ్గానికి ఇంత అని పన్ను ఉండేది. కొన్ని చోట్ల ఆ పన్నును గుడికి రాసిచ్చినారు, దీపానికో నైవేద్యానికో. కొత్త పేట కట్టినప్పుడు నేతగాళ్లను రప్పించడానికి కొన్నేళ్లు పన్ను మాఫీ చేసిన సంగతులూ ఉన్నాయి. అంటే మనం కావాలి అనుకున్నప్పుడు పిలిచినారు, కూర్చున్నాక పన్ను వేసినారు. ఇది చదివి మా ఆఫీసులో అందరూ ఒకరి మొగం ఒకరు చూసుకున్నాం.

కానీ నాకు బాధ కలిగించింది ఒకటుంది. మగ్గానికి పన్ను ఎంత అని ఉంది, మగ్గం గుంటలో కూర్చున్న మనిషి పేరు అరుదుగానే కనపడుతుంది. మోటుపల్లి సీమలో నేసిన బట్ట సాలెగూడంత సన్నమని మార్కో పోలో అనే ఇటలీ దేశస్థుడు రాసినాడు. నేసినవాడి పేరు అడగలేదు.

పేరు మిగలడం అసాధ్యం కాదు. సదాశివరాయల కాలంలోనే మన ప్రాంతం శాసనాల్లో కొండోజు అనే మంగలి కనపడతాడు. అళియ రామరాయల అభిమానం సంపాదించి, మంగళ్లందరికీ పన్నులు, వెట్టి, మహర్నవమి కాగడాల భారం తీసేయించినాడు. ఊరూరా రాయి మీద చెక్కినారు. ఒక మంగలి పేరు ఇన్నేళ్లు నిలబడింది చూడండి! మాళవ దేశంలో మందసోరులో అంతకంటే పాత శాసనం ఉంది. లాట దేశం, అంటే గుజరాత్ వైపు నుంచి వలస పోయిన పట్టు నేతగాళ్ల శ్రేణి, అంటే మన సంఘం లాంటిదే, సూర్యుడికి గుడి కట్టించి, 473లో దాన్ని బాగుచేయించి, ఒక కవి చేత పద్యాలు రాయించి చెక్కించింది. అందులో కొందరు విలువిద్యలో, కొందరు జ్యోతిషంలో దిగినారని, కొందరు నేతలోనే ఉన్నారని ఉంది. ఇవాళ మన పిల్లలు కొందరు పోలీసు, కొందరు టీచరు, ఎక్కువమంది బళ్లారి జీన్స్ కుట్టే షెడ్లలో. కొందరు ఇంకా మగ్గం మీదే. ఆ శాసనం చదువుతుంటే మన వీధి కనపడింది నాకు.

జేడర దాసిమయ్య సంగతి మీకు తెలుసు. బసవన్నకంటే ముందువాడు, ముదనూరువాడు, నేతగాడు. ఆయన వచనాలు "వచన సంచయ" అనే చోట ఉన్నాయి. రామనాథ అని ఆయన ముద్ర కన్నడంలో కొడితే వరసగా వస్తాయి. మన ఆడవాళ్లు కన్నడ టీవీ చూసేవాళ్లే కదా, ఇది చదవడం కష్టమేమీ కాదు.

ఇంక రాయలవారికి బట్ట నేసినామనే మా తాత మాట. దానికి ఆధారం దొరకలేదు. మనవరాలితో అదే చెప్పినాను. ఈ సీమలో మగ్గాలు ఉన్నాయి, పన్ను కట్టినారు, అంతవరకు రాయి చెప్తుంది. నేసింది మా ఇంటివాళ్లే అని రాయి చెప్పదు. కొందరు పెద్దలు మన కులం ఫలానా రాజవంశమని శాసనం చూపించమంటారు. లేనిది నేను చూపించలేను, వాళ్లు కోపం చేసుకోకూడదు.

ఇప్పుడు ఒక తప్పు ఒప్పుకోవాలి. మన సంఘం ఆఫీసు మార్చినప్పుడు పాత సభ్యుల రిజిస్టర్లు, నూలు చిట్టాలు, మజూరి పుస్తకాలు ఒక గది నిండా ఉన్నాయి. చెద పట్టినాయి. అన్నీ పాత కాగితాలవాడికి తూకానికి వేసింది నేనే. ఆ డబ్బుతో ఆఫీసుకు రెండు కుర్చీలు కొన్నాం. ఎవరు ఎన్ని చిలపల నూలు తీసుకున్నారో, ఎన్ని చీరలు ఇచ్చినారో, ఎవరి భార్య కండెలు చుట్టిందో, అంతా అందులో ఉండేది. శాసనంలో పేరు లేదని రాజును తప్పుపట్టే హక్కు నాకెక్కడిది?

ఈ కాలంలో కూడా పేరు తప్పిపోతూనే ఉంది. 2019-20లో చేసిన నాలుగో చేనేత గణనలో దేశం మొత్తానికి 35 లక్షల 22 వేల మంది పనివాళ్లని తేల్చినారు. నాకు తెలిసిన ఒక ముసలామె, అరవై ఏళ్లు ఆసు పోసిన మనిషి, ఆ లెక్కలో లేదు. లెక్క రాయడానికి వచ్చిన రోజు ఆమె కూతురి ఊరికి పోయింది. కార్డు రాలేదు.

మిగిలింది ఒకే రిజిస్టరు. అదీ నా బీరువాలో పొరపాటున ఉండిపోయింది. మనవరాలు పేజీ పేజీ ఫోటో తీసి, పేర్లు కంప్యూటరులో ఎక్కిస్తోంది. వేలిముద్ర వేసినవాళ్ల పేర్లు చదవడానికి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంటుంది. మీ ఇళ్లల్లో పాస్ బుక్కులు, నూలు రసీదులు, మజూరి చీటీలు, తాతల కాలం కరారు కాగితాలు, తాటాకులు ఏవున్నా పారేయకుండా ఆఫీసుకు తీసుకురండి. ఫోటో తీసి అప్పుడే తిరిగి ఇచ్చేస్తాం, మా దగ్గర పెట్టుకోము. చెద తిన్నవైనా సరే, తడిసినవైనా సరే. ఆదివారాలు పొద్దున పది నుంచి ఆ పిల్ల అక్కడే ఉంటుంది.